నలభై ఐదులో ఖాళీ

సన్యాసాచారి కొట్లో కూర్చుని తూటాలు నింపుతున్నాడు. ఆయన పోయి ఏడాది కావస్తోందని కోడలు హైమావతికి తెలుసు, అయినా ఆ వీపు మామగారిదేనని పోల్చుకుని గుమ్మంలోనే నిలబడిపోతుంది. విజయనగరంలో తుపాకులు బాగుచేసే ఆ కొట్టును ఇప్పుడు నడుపుతున్నది ఆమే. కానీ ఇది అచ్చంగా ఆ కొట్టులా లేదు, వెనకగోడ ఉండాల్సిన చోట తుపాకులు కాల్చే మైదానం మొదలై మంచులో కలిసిపోతోంది, నేలంతా కాల్చేసిన తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాలు పరుచుకుని ఆమె అడుగేసినప్పుడల్లా దొర్లుతున్నాయి.

"రా అమ్మాయ్," అంటాడు ఆయన తల తిప్పకుండా. "మన పోట్లాట తేలనేదు. నలభై నాలుగా, నలభై ఐదా?"

రెండూ పెద్ద రివాల్వర్ల తూటాలే, అంగుళంలో నూరోవంతుల లెక్కన పేర్లు. ఏది మేలన్న మాట మీద మామా కోడళ్లు అన్నం చల్లారేదాకా వాదించుకునేవారు. మాట్లాడుతుంటే ఆయన ఇటు తిరగడని ఎందుకో అనిపించి, ఆమె గబగబా జవాబు చెబుతుంది.

"నలభై నాలుగే మావయ్యా. పేరుకే నలభై నాలుగు గానీ, గుండు కొలిస్తే నలభై మూడు కూడా ఉండదు. సన్నంగా ఉంటాది కాబట్టి, అదే సైజు రివాల్వర్లో తూటాలు కూర్చునే గదుల చుట్టూ ఉక్కు ఎక్కువ మిగుల్తాది."

"నలభై ఐదు గుండు బరువు. నెమ్మదిగా తోసినట్టెళ్తాది. ముసిలోడి చేతిక్కూడా నొప్పెట్టదు."

"అది నల్ల తుపాకిమందు రోజుల గొట్టం. అప్పుడు నిండా పోసేవోరు. ఇప్పటి మందు కొంచెమే చాలు, అడుగునే ఉండిపోతాది, పైనంతా ఖాళీ. పొరపాట్న రెండుసార్లు పోసినా పొంగదు, పైనుంచి తెలవదు, కాలిస్తే రివాల్వరే చేతిలో పేలిపోతాది."

ఆయన చేతులు ఆగిపోతాయి. ముందున్న తూటాలు బిగించే ప్రెస్సు పిడి మాత్రం ఎవరూ పట్టుకోకుండానే పైకీ కిందికీ ఆడుతోంది.

"అదే అడుగుదామనొచ్చాను. మన క్లబ్బు నీలాద్రిరాజుగారి తూటాలు ఈయేళ ఇచ్చేస్తానన్నావు గదా?"

"అవును. మీరు నింపినవే. అరలో అలాగే ఉన్నాయి."

"ఆ రోజు ఒకదాన్లో మందు పోశాను. గుండెల్లో నొప్పొచ్చింది. లేచి మంచినీళ్లు తాగి మళ్లా కూసున్నాను. మళ్లా పోశానో నేదో తెల్దమ్మా. గుండు బిగించేశాను. సాయంత్రానికి పోయాను."

ఆయన చెయ్యి వెనక్కి చాచి ఒక తూటా ఆమె అరచేతిలో పెడతాడు. అది ఒంటి వేడితో ఉంది. పారేద్దామంటే వేళ్లు విచ్చుకోవు, దూరంగా మైదానంలో ఒక మనిషి చెయ్యి చాచి రివాల్వరు గురిపెడుతున్నాడు, కాల్చొద్దని అరుద్దామంటే గొంతులోంచి ఇత్తడి గొట్టాల గలగల తప్ప మరేమీ రాదు.

సన్యాసాచారి పీట మీద మెల్లగా ఇటు తిరగడం మొదలుపెడతాడు.

"తిరగకండి మావయ్యా."

"తిరిగితే ఏటి కనబడతాదో నాకూ తెల్దు. నాకూ బయంగానే ఉందమ్మా."

అంటూనే తిరుగుతాడు. ఆ మొహం నీలాద్రిరాజుగారిది. ఒక పక్క మాత్రమే ఉంది.

బల్ల మీద ఎవరో వేళ్లతో తడుతుంటే హైమావతి ఉలిక్కిపడి లేచింది. మధ్యాహ్నం భోంచేసి కుర్చీలోనే కునుకు తీసినట్టుంది. ఎదురుగా నీలాద్రిరాజుగారు, రెండు చెంపలతో, నవ్వుతూ నిలబడి ఉన్నారు.

"మీ మావగారు నింపిన నలభై ఐదులు ఇచ్చెయ్యమ్మా. క్లబ్బుకి వెళ్తున్నాను, జీపు ఇంజను ఆపకుండానే వచ్చాను."

ఆమె తూటాల పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది గానీ మూత మీంచి చెయ్యి తియ్యలేదు.

"ఇవ్వలేనండి. విప్పి చూడాలి."

"ఆచారి పని మీద అనుమానమా నీకు?"

"నాకు కాదండి," అంది. పనిముట్లు అందుకుంది.

ఒక్కొక్క తూటాను, వాటిని విప్పడానికే వాడే బోలు సుత్తిలో బిగించి చెక్క దిమ్మ మీద కొడితే, గుండు ఊడి మందు రాలింది. దాన్ని త్రాసులో తూచింది. మొదటిది సరిగ్గానే ఉంది. తర్వాతవీ సరిగ్గానే ఉన్నాయి. రాజుగారు గడియారం చూసుకున్నారు, ఒకసారి బయటికెళ్లి జీపు ఇంజను ఆపి వచ్చారు. హైమావతికి సిగ్గుగా ఉంది, అయినా విప్పడం ఆపలేదు. పెట్టెలో చివరి వరుసకు వచ్చింది.

అందులో ఒకదాన్ని విప్పి మందు పోయగానే త్రాసు పళ్లెం టక్కున కిందికి దిగి అక్కడే ఉండిపోయింది. ఆమె మళ్లీ తూచింది. సరిగ్గా రెండింతలు.

రాజుగారు వంగి ఆ పళ్లెం వంక చూశారు. స్టూలు లాక్కుని కూర్చుని, తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, చాలాసేపు వదల్లేదు.