మీటరు మీద ప్రమాణం

పాత కార్లు అమ్మేవాళ్లంతా దొంగలని మునిరత్నం సారు నమ్మకం. అయినా భార్య రేవతితో చిత్తూరు వెళ్లి, చెంగయ్య షెడ్డులో తెల్ల సెడాన్‌లోనూ నీలం సెడాన్‌లోనూ పదేసి సార్లు కూర్చుని లేచాడు. రెండూ మెత్తగానే ఉన్నాయి. తన పాత కారు ఇచ్చి, దాచిందంతా పైన పెడితే ఏదో ఒకటి వస్తుంది.

ఏదీ తేలక, చివరికి తన తెలివికి తనే మురిసిపోతూ అడిగాడు. “దేనికి మీటరు వెనక్కి తిప్పలేదో కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేస్తావాప్పా? ఆ బండే తీసుకుంటా.”

“రెండిటికీ చేస్తా, పదండి సార్,” అంటూ చెంగయ్య చెప్పులు వేసుకున్నాడు. “మీ బండి యాడా తగల్లేదని మీరూ ఒక ప్రమాణం చేస్తే సరిపోతాది.”

పోయిన నెల గోడకు కొట్టి, మొన్ననే రంగు వేయించిన డోరు మునిరత్నానికి గుర్తొచ్చింది. దొంగ తన చొక్కాలోనే ఉన్నాడు. “ఎందుకులేప్పా, మనుషుల మీద నమ్మకం ఉండాల,” అని చేతికందిన తాళం తీసుకున్నాడు. అది నీలం కారుది.

తిరుపతికి ఇంటికి తిరిగొచ్చే దారిలో కాణిపాకం ఆర్చి కనబడగానే రేవతి, “బండికి పూజ చేయించుకొని పోదామా?” అంది.

“తిరుచానూరులో చేయిద్దాంలే,” అన్నాడు మునిరత్నం, మెత్తటి సీటులో ఇబ్బందిగా కదులుతూ. “అమ్మవారైతే తల్లి కదా, ఏమీ అడగదు.”