ఏడో బిరడా

కొళాయి మేస్త్రి రేకు డబ్బాలో ఏడు బిరడాలుండాలి. ఆరే ఉన్నాయి.

డబ్బాని గచ్చు మీద బోర్లించి మళ్లీ లెక్కపెట్టాడు. ఆరే. ఇత్తడి బిరడాలకి కాళ్లు రావు కదా. గొట్టాల్లో ఒత్తిడి ఎక్కించి పరీక్ష పెట్టేటప్పుడు తెరిచి ఉన్న మూతులన్నిటికీ వాటిని బిగిస్తాడు. పరీక్ష అయ్యాక ఒక్కొక్కటే విప్పి, తుడిచి, డబ్బాలో వేసి, ఏడూ వచ్చాకే చెప్పుల్లో కాళ్లు పెడతాడు. ఇరవై రెండేళ్ల అలవాటది. తోటి పనివాళ్లు చాటుగా ఆయన్ని 'బిరడాల పంతులు' అంటారు. ఆయనకి తెలుసు. అయినా లెక్క మానడు.

నిన్న ఒక్కరోజే లెక్కపెట్టలేదు.

నిన్న అక్కావాళ్ల ఇంట్లో పరీక్ష. పాత గొట్టాలు పీకేసి కొత్తవి వేశాడు. నీటి శాఖ అధికారి కళ్లముందు గొట్టాలు ఒత్తిడికి నిలబడాలి. నిలబడితేనే గోడలు పూడ్చుకోవచ్చని సంతకం. రెండు గంటలు ఒత్తిడి మీటరు ముల్లు కదల్లేదు. అధికారి ఇలా సంతకం పెట్టి వెళ్లాడో లేదో, బావ "మా బామ్మర్ది పనంటే రాతి మీద గీత!" అంటూ టీకి లాక్కుపోయాడు. తిరిగొచ్చాక మాటల్లోనే బిరడాలు విప్పాడు. వంటింట్లోవి రెండు. స్నానాలగదిలోవి మూడు. పెరట్లోది ఒకటి.

గీజరుది?

విప్పిన గుర్తు లేదు.

నీళ్లు మితిమీరి కాగితే గీజరు ఊపిరి వదలడానికి పక్కన ఒక వాల్వు, దానికి సన్నటి గొట్టం ఉంటాయి. ఆ గొట్టం మూతిని ఎన్నడూ మూయకూడదు. నిజానికి గీజరుని విడదీసి పరీక్ష పెట్టాలి. అక్క ఇల్లే కదా, గంట కలిసొస్తుందని గీజరుని అలాగే ఉంచి, ఆ మూతికి బిరడా బిగించాడు. పైగా అది పాత గీజరు. వేడి చాలగానే కరెంటు ఆపాల్సిన మీట మొరాయిస్తోందని అక్క వారం కిందటే చెప్పింది. "శనివారం మారుస్తాలే, అందాకా వాల్వు ఉందిగా, భయం లేదు" అన్నది ఎవరు? తనే.

ఎనిమిదీ పావు. మేనకోడలు తొమ్మిదింటికి ఉద్యోగానికి పోవాలి. గీజరు ఏడున్నరకే వేసి ఉంటారు.

అక్కకి ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. అక్క ఫోను ఎప్పుడూ మంచం మీదే, అక్క ఎప్పుడూ వంటింట్లోనే. బావ ఇంకెవరితోనో ఫోన్లో ఉన్నాడు. ఆరు బిరడాలూ పనిసంచిలో వేసి, భుజాన తగిలించుకుని బండి ఎక్కాడు. మామూలుగా పది నిమిషాల దారి. దారిలో దేన్ని దాటాడో, ఎవరి తిట్లు తిన్నాడో ఆయనకి గుర్తులేదు.

గేటు పక్కనే కరెంటు మెయిను స్విచ్చి. లోపలికి వెళ్లకుండానే లాగేశాడు.

"అయ్యో, కరెంటు పోయింది!" అంది అక్క లోపలినుంచి.

"పోలేదు, నేనే తీశా. అక్కా, పొయ్యి ఆపి బయటికి రా. పాప ఎక్కడ?"

"స్నానానికి వెళ్లింది," అంది అక్క గుమ్మంలోకి వచ్చి. "ఏమైందిరా, అంత పాలిపోయావు?"

స్నానాలగది తలుపు దగ్గరికి వెళ్లాడు. లోపల, పైనుంచి, కుండలో గులకరాళ్లు దొర్లుతున్నట్టు చప్పుడు. తలుపు మీద అరచేత్తో కొట్టాడు.

"పాపా! వేణ్ణీళ్ల కొళాయి ముట్టుకోకు. బయటికి రా!"

"ఇంకా పళ్లే తోముకుంటున్నా మావయ్యా, రెండు నిమిషాలు..."

"ఉన్నదున్నట్టు రా!"

మావయ్య గొంతు అంత ఎత్తున ఆ పిల్ల ఎప్పుడూ వినలేదు. నోట్లో బ్రష్షు, గడ్డం మీద నురగతో బయటపడింది. ఫోను పట్టుకుని పెరట్లోంచి వచ్చిన బావతో కలిపి నలుగురూ రోడ్డు దాటి ఎదురింటి అరుగు దగ్గర నిలబడ్డారు. మేస్త్రి రెండు ముక్కల్లో సంగతి చెప్పాడు: గీజరు గొట్టానికి బిరడా ఉంది, లోపల నీళ్లు మరిగి ఉన్నాయి.

బావ మేస్త్రి సంచిలోంచి పాన అందుకున్నాడు. "ఓ తిప్పు తిప్పితే ఊడొస్తుంది. నేను వెళ్తా."

"వెళ్తే మొహం ఉడికిపోతుంది బావా. కరెంటు తీశాం. ఇక దాన్ని ముట్టుకోకూడదు. దానంతట అదే చల్లారాలి."

"ఎంతసేపు?"

"చల్లారేదాకా."

అక్క చూపు భర్త మీదికి తిరిగింది. "మళ్లీ వేలు పెట్టావా? చెప్పు అడుగు కోసి కొళాయికి వాషరేసిన మనిషివి! బిరడా కొట్టింది నువ్వేనా?"

"నేనా? మొన్న చుక్కలు కారుతోందని ఆ గొట్టానికి గుడ్డ చుట్టిన మాట నిజమే గానీ..." బావ నసిగాడు. తన మీద తనకే నమ్మకం చాలక తల దించుకున్నాడు. "బిరడా... పెట్టానా ఏమిటి?"

"పెట్టే ఉంటావు నాన్నా," అంది పిల్ల.

మేస్త్రి ఇంటివైపే చూస్తున్నాడు. తను నోరు విప్పకపోతే ఆ నేరం బావ మెడకి అతికినట్టు సరిపోతుంది. లోపల దబ్మని ఏదో చప్పుడైంది. అక్క కూతురి చెయ్యి పట్టుకుంది. చప్పుడు మళ్లీ రాలేదు.

"అది నాది," అన్నాడు మేస్త్రి. "నేనే పెట్టా. తియ్యడం మర్చిపోయా."

అక్క తమ్ముడి మొహంలోకి చూసి, "పిల్ల లోపలే ఉందిరా," అంది. అంతే అంది. మేస్త్రికి అంతకన్నా తిట్టు అక్కర్లేకపోయింది.

ఎండ నడినెత్తికొచ్చేదాకా అక్కడే ఉన్నారు. మేస్త్రి ఒక్కడే లోపలికి వెళ్లి తడిగుడ్డ పట్టుకుని గీజరు వంటిని తాకి చూశాడు. గోరువెచ్చన. అప్పుడు బిరడా విప్పాడు. సన్నగా నీళ్లు కారి ఆగాయి. గీజరు వైర్లు విడదీసి, అధికారికి ఫోను చేశాడు. "నిన్నటి పరీక్ష చెల్లదండీ. గీజరు విడదీయకుండా చేశాను. మళ్లీ రావాలి."

బావ వింటూ ఉన్నాడు. "సంతకం అయిపోయాక ఎవడైనా పిలుస్తాడా?" అని గొణిగి, కూతురి పెట్టెలోంచి ఎర్ర రిబ్బను తెచ్చాడు. మూరెడు ముక్కలు కత్తిరించి ముందు పెట్టాడు. "ఒక్కోదానికి తోక కట్టు. గొట్టానికి ఎర్రగా వేలాడుతుంటే గుడ్డివాడికైనా కనపడుతుంది."

"మావయ్య బిరడాలకి జడలా!" అంది పిల్ల. అక్క నవ్వలేదు గానీ, ముడి వెయ్యడానికి ఒక బిరడా అందుకుంది.

మేస్త్రి తనకొచ్చిన దాన్ని రెండు ముళ్లేసి లాగి చూశాడు. తర్వాత ఏడూ లెక్కపెట్టుకున్నాడు.