నురగ దిగేదాకా

బావ సెలవు పెట్టాడు గానీ కొలజాడీకి సెలవివ్వలేదు. రెండు మిల్లీలీటర్లకో గీత ఉన్న గాజుజాడీని తువ్వాల్లో చుట్టి, బట్టల సంచీ అడుగున పెట్టుకొచ్చాడు.

ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టర్. ఇరవై రెండేళ్ల సర్వీసు. ఆయన స్కూటరు మలుపు తిరిగిందంటే పెట్రోలు బంకు వాళ్లకు ఉన్నట్టుండి టీ తాగాలనిపించేది.

బావమరిది చిల్లర్ మెకానిక్. బీరు అక్కడే కాచి అక్కడే పోసే బ్రూపబ్బుల్లో, ట్యాంకుల్ని చల్లబరిచే యంత్రాలు బాగుచేస్తాడు. "మూడు ఊళ్లు తిరిగి రకరకాల బీరు రుచి చూసొద్దాం బావా" అని ఆయన్ని బయల్దేరదీశాడు. మొదటి రెండు ఊళ్లూ వంక. అసలు పని మూడో ఊళ్లో ఉంది. అక్కడ బీరు కాచే ఆమెను అతను పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాడు.

అక్కతో ఈ మాట ఎత్తినప్పుడు సంభాషణ ఎక్కువసేపు సాగలేదు.

"ఏం చేస్తుంది?"

"బీరు కాస్తుంది."

"సారా కాసినట్టా?"

"దానికి డిగ్రీ ఉందక్కా."

"కాయడానికి పొయ్యి చాలదూ, డిగ్రీ దేనికి? సరే, మీ బావ చూసి ఏమంటే అదే."

బావ ఏమంటాడో ఇంట్లో అందరికీ తెలుసు. నచ్చింది, నచ్చలేదు అనడు. బావమరిది పెళ్లాం ఆయనకు వరసకు చెల్లెలవుతుంది. అందుకని ఒప్పుకుంటే "చెల్లెమ్మా" అంటాడు. ఒప్పుకోకపోతే "మేడమ్" అంటాడు. మూడేళ్ల కిందట ఇతనికి ఒక బ్యాంకు ఉద్యోగినిని చూడబోయినప్పుడు గంటలో పదకొండుసార్లు మేడమ్ అన్నాడు. ఆ సంబంధం అక్కడితో సరి.

బీరు కాచే ఆమె కూడా తక్కువ తినలేదు. "మీవాళ్లు నన్ను చూడ్డానికి రానక్కర్లేదు, నా బీరు చూడమను. అది గొంతు దిగనివాళ్లతో నాకు చుట్టరికం వద్దు" అంది.

అంటే బావకు ఆమె బీరు నచ్చాలి. చిక్కంతా అక్కడే. బావ జన్మలో నురగ ఉన్న బీరు తాగలేదు.

మొదటి ఊళ్లో నల్లబీరు తెచ్చిపెట్టారు. బావ దాన్ని ముట్టుకోలేదు. చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"తాగు బావా."

"నురగ దిగనీ."

దిగడానికి పదకొండు నిమిషాలు పట్టింది. బావ బీరును జాడీలోకి వంచి, కళ్లజోడు పైకి నెట్టి, గీత దగ్గరికి కన్ను తీసుకెళ్లాడు. "నాలుగు వందల ముప్ఫై ఎనిమిది. అర లీటరని రాసుకున్నారు. అరవై రెండు గాలి." తర్వాత దాన్ని మళ్లీ గ్లాసులో పోసుకుని, కషాయం తాగినట్టు గుటకేశాడు.

"ఎలా ఉంది?"

"చల్లారిన బార్లీ నీళ్లు. ఇందుకా జనం ఎగబడేది?"

రెండో ఊళ్లో చెక్కపలక మీద నాలుగు చిన్న గ్లాసులు వరసగా పెట్టి తెచ్చారు. బావ నాలుగూ కొలిచాడు. పక్క బల్ల వాళ్లు ఆ జాడీని చూసి, పిల్లాణ్ని తీసుకుని దూరంగా వెళ్లి కూర్చున్నారు. మేనేజరు వచ్చి, "ఇది ల్యాబా సార్?" అనడిగాడు. "ల్యాబులో అయితే నిండుగా ఇస్తారు" అన్నాడు బావ. ఆ మాటకి బిల్లు అడక్కుండానే వచ్చింది.

బస్సులో బావమరిది బతిమాలాడు.

"రేపు మాత్రం జాడీ తీయకు బావా."

"ఎందుకు?"

"ఆవిడ నొచ్చుకుంటుంది."

"కొలిస్తే నొచ్చుకునేవాళ్లనే కొలవాలి" అన్నాడు బావ. కిటికీ వైపు తిరిగి నిద్రపోయాడు.

మూడో ఊళ్లో వాళ్లు వెళ్లేసరికి పొద్దున పదకొండు. తలుపులు ఇంకా తెరవలేదు. ఆమె రబ్బరు బూట్లేసుకుని ట్యాంకుల కింద నేల కడుగుతోంది. గొట్టం కట్టేసి, చేతులు తుడుచుకుంది.

"రండి సార్."

"నమస్తే మేడమ్" అన్నాడు బావ.

ఒకటి, అని బావమరిది మనసులో లెక్కపెట్టుకున్నాడు.

ఆమె గోధుమ బీరు పోసింది. సగం పోసి ఆగింది. నురగ కాస్త కుదురుకున్నాక మిగతాది పోసింది. రెండు వేళ్ల ఎత్తున నురగ నిలిచింది. బావ గ్లాసు ముందు చేతులు కట్టుకున్నాడు.

ఒక నిమిషం గడిచింది. రెండు గడిచాయి. ఆమె బావమరిది వైపు చూసింది. అతను ట్యాంకు మీటరు వైపు చూశాడు. అది బాగానే ఉంది.

"తాగరేం సార్?"

"నురగ దిగాలి మేడమ్."

"అది దిగితే బీరు చచ్చినట్టే."

"చావనివ్వండి. కొలవాలి." బావ సంచీలోంచి తువ్వాలు తీసి విప్పాడు. జాడీ బల్ల మీదికొచ్చింది.

ఆమె దాన్ని ఒకసారి చూసింది. తర్వాత ఆయన ముందున్న గ్లాసు తీసుకెళ్లి సింకులో పారబోసింది.

"నేను ఇరవై రోజులు కాచుకు కూర్చున్నది మీరు దాన్ని చంపి శవపంచనామా చేస్తారని కాదు సార్."

ఇరవై రెండేళ్లలో బావ ముందు సరుకు పారబోసినవాళ్లు లేరు. దాచిపెట్టినవాళ్లే ఎక్కువ. ఆయనకు ఏం రాసుకోవాలో తోచలేదు.

"తాగేస్తే ఇంకేం కొలవను మేడమ్?"

"రెండు పోస్తాను. ఒకటి కొలవండి. ఒకటి తాగండి. తాగేది మాత్రం ఇప్పుడే తాగాలి."

రెండు గ్లాసులు పోసింది. ఒకటి జాడీ పక్కన పెట్టింది. రెండోది బావ చేతికే ఇచ్చి, ఎదురుగా నిలబడింది. తప్పించుకునే దారి లేక బావ నురగలో మూతి పెట్టాడు.

మొదటి గుటకకు కళ్లు మూసుకున్నాడు. రెండో గుటకకు తెరిచాడు. మూడోదానికి గ్లాసు సగమైంది. మిగతా సగం కూడా అయ్యాక గ్లాసు దించి, జాడీ పక్కనున్నదాని నురగ ఎంత దిగిందో చూశాడు. ఇంకా ఉంది. చేతులు కట్టుకున్నాడు. ఈసారి చేతులు కుదురుగా లేవు, కాసేపటికోసారి గ్లాసు దగ్గరికి వెళ్లొస్తున్నాయి.

నురగ పూర్తిగా దిగాక జాడీలోకి వంచాడు. కన్ను గీత దగ్గర పెట్టాడు. కళ్లజోడు తుడిచి మళ్లీ పెట్టాడు.

"అయిదు వందల పన్నెండు."

"తగ్గిందా?" బావమరిది జాడీ మీదికి వంగాడు.

"హెచ్చింది." బావ ఆమె వైపు తిరిగాడు. ముఖంలో డ్యూటీ ఉంది. "హెచ్చినా తప్పే. చట్టానికి రెండూ ఒకటే. పన్నెండు ఎక్కువ పోస్తున్నావు చెల్లెమ్మా."

బావమరిది మేడమ్‌ల లెక్క అక్కడితో ఆపేశాడు. చెల్లెమ్మా అంటే ఒప్పుకున్నట్టని అతను ఆమెకు ముందే చెప్పి ఉంచాడు. అయినా ఆమె తొణకలేదు. మెడకు చుట్టుకున్న తువ్వాలు తీసి బావ చేతికిచ్చింది.

"సరిచేస్తాను అన్నయ్యగారూ. ముందు ఆ నురగ మీసం తుడుచుకోండి."