భర్త పోయిన ఆడమనిషి పట్టుచీర కట్టవచ్చా?

అక్షరదోషాలుంటే మన్నించండి. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఫోనులో ఒక్కో అక్షరం వెతుక్కుని నొక్కేలోపు చెప్పదలచిన మాట ముందుకు వెళ్ళిపోతుంది. మీరు అడిగింది చిన్న ప్రశ్న, జవాబూ చిన్నదే. కానీ జవాబు చెప్పేది ఎవరో తెలియకపోతే ఆ జవాబుకు విలువ లేదు. అందుకని కొంచెం ఓపిక పట్టండి.

ధర్మవరంలో మా మరిది నరసింహులుకు పట్టుచీరల అంగడి ఉంది. ముందు అంగడి, వెనక ఇల్లు, ఇంటి వెనక మగ్గం. నా భర్త పోయాక ఆ మగ్గం మీద నేనే కూర్చున్నాను. పొద్దున వంట, తర్వాత మగ్గం, మళ్ళీ వంట. మగ్గం మీద నుంచి చీర కోసినప్పుడు కొంగు మూలన కుంకుమ పెట్టి అంగట్లోకి పంపడం మా ఇంటి ఆనవాయితీ. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ కుంకుమ నేనే పెట్టాను. ఆయన పోయాక మొదటి చీర కోసిన రోజు భరిణె అందుకోబోతుంటే మరిది అన్నాడు, "వదినా, నువ్వు పక్కకు జరుగు. పెండ్లిచీర గదా. సుచిత్ర వచ్చి పెడతాది." తిట్టలేదు, మెల్లగానే అన్నాడు. నేను గోడ దగ్గరకు జరిగాను. ఇన్నాళ్ళూ నా పొట్టకు ఆనుకుని చుట్టుకుంటూ పెరిగిన చీర అది. నా చెయ్యి తగిలితే తప్పులేదు, పోగు తెగితే నా ఉమ్మితో తడిపి అతికిస్తే తప్పులేదు, నా వేలికి అంటిన కుంకుమ మాత్రం తప్పు. ఇది ఎవరినైనా అడుగుదామంటే, అడగడానికి నాకు మాటలు దొరకలేదు.

సుచిత్ర నరసింహులు కోడలు. డిగ్రీ చదివింది. అంగడి వెబ్‌సైటు ఆ పిల్లే చూసేది. జీతం లేదు. "ఇంట్లో కూర్చుని ఫోను చూసేదానికి జీతమేమి?" అనేవాడు మరిది. అంగట్లో చీరలను నంబరుతో పిలిచినట్టే వెబ్‌సైటులోనూ నంబర్లే పెట్టించాడు. ఆ నంబర్లు మాకు తప్ప లోకంలో ఎవరికి తెలుసు? ఎవరూ రాలేదు. అప్పుడు ఎవరో చెప్పారని 'ధర్మవరం పట్టుచీర, పెళ్ళి పట్టుచీర' అని పేజీ కింద తెల్లదాని మీద తెల్ల అక్షరాలతో పేరా తర్వాత పేరా నింపించాడు. మనుషులకు కనబడదు, గూగుల్‌కు కనబడుతుందని. గూగుల్ దాన్ని మోసం కింద లెక్కేసింది. నాలుగో పేజీలో ఉన్న అంగడి ఎంత వెతికినా దొరకకుండా పోయింది. ఆ కోపమంతా సుచిత్ర మీద, కూరలో ఉప్పు మీద.

హిందూపురంలో సింధూర అని ఒకమ్మాయి ఇంటినుంచే ఇలాంటి పని చేస్తుంది. సుచిత్ర ఆమెను పట్టుకుంది. ముందు ఆ తెల్ల అక్షరాలు తీయించి, ఫోనులో మాట్లాడుతూ సింధూర అంది, "అక్కా, మీరు అమ్మాలనుకున్నది రాస్తాండారు. జనం ఏమడుగుతాండారో చూడండి. వాళ్ళ మాటతోనే పేజీకి పేరు పెట్టండి, కింద నిజంగా తెలిసినోళ్ళు జవాబు చెప్పాల."

జనం గూగుల్‌లో ఏం అడిగినప్పుడు మన అంగడి కనబడిందో, ఎన్నో స్థానంలో కనబడిందో ఒకచోట వరుసగా వస్తుంది. ఆడవాళ్ళ పొదుపు సంఘంలో నాకు సంతకం వరకే నేర్పారు. చదవడం నేర్చుకున్నది ఆ వరుస చూసే. అంట్లు తోమి వచ్చి సుచిత్ర పక్కన కూర్చునేదాన్ని. 'పట్టుచీర మీద నూనె మరక ఎలా పోతుంది.' 'జరీ నల్లబడితే ఏం చేయాలి.' కూడబలుక్కుని చదివేదాన్ని, జవాబు చెప్పేదాన్ని. మొదట్లో మరక గురించి అడిగితే నేను మగ్గం దగ్గర మొదలుపెట్టి పట్టు దారం పుట్టుక దాకా చెప్పాను. అది ఎవరూ చదవలేదు. "పెద్దత్తా, చీర మీద నూనె పడినామె కంగారుగా ఉంటాది. ముందు పౌడరు చల్లమని చెప్పు, కత తర్వాత చెప్పుదువులే" అని సుచిత్ర నవ్వింది. అలా ఇద్దరం నేర్చుకున్నాం. పేజీలు మెల్లగా పైకి వచ్చాయి. మూడో పేజీ, రెండో పేజీ, ఒక్కోటి మొదటి పేజీ.

ప్రతి పేజీ కింద రాసింది ఎవరో ఉండాలని సింధూర చెప్పింది. మరిది తన పేరు పెట్టించాడు. 'నరసింహులు, తరతరాల నేతగాడు.' ఆయన మగ్గం గుంటలో కాలు పెట్టి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. "చూసినావా వదినా, బెంగుళూరులో గూడా నా పేరు కనబడతాండాది" అన్నాడు, నేను వడ్డిస్తుంటే. అవునన్నాను.

ఒక రోజు ఆ వరుసలో ఈ ప్రశ్న వచ్చింది. భర్త పోయిన ఆడమనిషి పట్టుచీర కట్టవచ్చా. రెండుసార్లు చదివాను, నేను తప్పు చదివానేమోనని. సుచిత్ర వేలితో కిందకి జరిపింది. అదే ప్రశ్న ఇంకో తీరుగా, ఇంకో తీరుగా. అమ్మకు పట్టుచీర పెట్టవచ్చా, నాన్న లేరు. కూతురి పెళ్ళిలో నేను ఏ చీర కట్టాలి, భర్త లేరు. ఎంతమంది! పక్కింటామెను అడగలేక, అత్తను అడగలేక, కూతురి ముఖం చూడలేక, ఒక యంత్రాన్ని అడుగుతున్నారు. నేను ఒక్కదాన్నే గోడ దగ్గరకు జరిగాననుకున్నాను. ఆ గోడ పొడుగునా ఆడవాళ్ళే ఉన్నారు.

ఆ జవాబు నేనే టైపు చేశాను. నా భర్త పోయాక నాకు ఏమయిందో రాశాను. కట్టవచ్చని రాశాను. "కింద నీ పేరే పెడతా పెద్దత్తా" అంది సుచిత్ర. వద్దనలేదు నేను. ఆ పేజీ వానకాలం దాటేలోపు మొదటి స్థానానికి వచ్చింది.

కదిరి నుంచి ఫోను వచ్చిన రోజు మరిది అంగట్లోంచి చెప్పులతోనే వంటింట్లోకి వచ్చాడు.

"ఎవురినడిగి రాసినావు వదినా?"

"అడిగినోళ్ళకి చెప్పినా."

"పెండ్లోళ్ళు ఫోన్ చేసినారు. మీ అంగట్లో చీరలు ముండమోసినామె నేస్తాదంట గదా, మాకొద్దులే అన్నారు. అంగడి మూసుకోమంటావా?"

సుచిత్ర పొయ్యి దగ్గర నిలబడిపోయింది. "పేజీ తీసేయమంటారా మామా?"

"ఆ పేజీకి ఎంతమంది వస్తాండారు?" అని అడిగాడు. మిగతా పేజీలన్నిటికీ కలిపినా అంతమంది రావడం లేదని, అక్కడినుంచే జనం చీరలు చూడ్డానికి వెళ్తున్నారని సుచిత్ర చెప్పింది. ఆయన గడ్డం గోక్కున్నాడు.

"పేజీ ఉండనీ. పేరు తీసేయ్. నీ పేరు పెట్టు. బొట్టు పెట్టుకున్న ఫోటో ఒకటి పెట్టు. 'నా భర్త' అన్న కాడంతా 'మా ఇంట్లో పెద్దామె భర్త' అని మార్చు."

"నా ఫోటో వద్దు మామా."

"నీ ఫోటో నువ్వు చూసుకుంటావా ఏంది? చూసేటోళ్ళు చూస్తారు. పెట్టు."

ఆ పిల్ల నా వైపు చూసింది. కళ్ళలో నీళ్ళున్నాయి. పొయ్యి మీద చారు పొంగుతోంది, ఎవరమూ దించలేదు. పేజీ తీసేయమని ఉంటే నేను ఊరుకునేదాన్నేమో. ఎన్నిటికి ఊరుకోలేదు? కానీ ఆయనకు నా మాట కావాలి, నా ముఖం వద్దు. నా మాట నమ్మి వచ్చినవాళ్ళు కావాలి, వాళ్ళు ఎవరిని నమ్మారో వాళ్ళకు తెలియకూడదు. ఎక్కడో ఒకామె భయపడుతూ అడుగుతుంది, నేను కట్టవచ్చా అని. నుదుట బొట్టుతో, మెడలో తాళితో ఒక ఫోటో ఆమెకు చెబుతుంది, కట్టుకోమ్మా అని. ఆమె ఏం చేస్తుంది? ఫోను పక్కన పెట్టి, నీకేం, చెబుతావు అనుకుంటుంది. నేను రాసిన ప్రతి అక్షరమూ అలాగే ఉండి, జవాబు మాత్రం అబద్ధమైపోతుంది.

"నరసింహులూ, నా పేరు వద్దంటే నా మాటలూ తీసేయండి. మరక మాట కాణ్ణుంచి అన్నీ" అన్నాను.

"మాటలు అంగడివి వదినా. మగ్గమూ అంగడిదే. నువ్వు తినే అన్నం గూడా."

"వండింది నేను గదప్పా" అన్నాను.

చారు దించి, వాళ్ళకు వడ్డించి, రెండు చీరలు సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. పెనుకొండలో యల్లక్క మా సంఘంలో ఉండేది, ఇప్పుడు సొంతంగా మగ్గాలు నడుపుతోంది. ఎందుకొచ్చావని అడగలేదు. "మగ్గం ఖాళీగా ఉండాది, కూచో" అంది.

సింధూర నాకు ఈ చిన్న వెబ్‌సైటు చేసి పెట్టింది. ఆ జవాబునే మళ్ళీ పెడదామన్నాను. "అవ్వా, అవే మాటలు రెండు చోట్ల ఉంటే గూగుల్ పాత సైటునే చూపిస్తాది. ఆడ సుచిత్ర ఫోటో పైన ఉంటాది, నువ్వు యాడో అడుగున పడతావు. వాళ్ళ కాడ లేనిది రాయి" అంది. వాళ్ళ దగ్గర లేనిది ఏముందా అని చాలా ఆలోచించాను. ఇదిగో, ఇది రాశాను.

ఈ పేజీ మీకు ఎన్నో స్థానంలో కనబడిందో నాకు తెలియదు. అడుగునే ఉండవచ్చు. పైన ఫోటోలో బొట్టు పెట్టుకుని ఉన్నది మా సుచిత్ర, మంచి పిల్ల, ఆమెను ఏమీ అనుకోకండి. మీరు అది దాటి ఇంత కిందకి వచ్చారంటే ఆ జవాబు మీకు చాల్లేదన్నమాట.

కట్టుకోవచ్చు. ఈ రోజు నేను కట్టుకున్నాను. ఎర్రంచు పచ్చచీర, నేను నేసిందే. యల్లక్కతో కలిసి సంతకు వెళ్ళి వచ్చాను. ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. టమోటాలు బేరమాడి తెచ్చుకున్నాను.

రాసినది: కుళ్ళాయమ్మ. వయసు యాభై ఎనిమిది. భర్త లేరు. పట్టుచీరలు నేస్తాను. ఇప్పుడు ఉండేది పెనుకొండలో.