కుట్లు మానేదాకా నీడకే స్నానం

పొద్దున్నే షట్టర్ ఎత్తగానే నురగక్క చేసే మొదటి పని దీపం కిందకి దించడం. పిల్లుల ఆసుపత్రి వెనక గది ఆమెది. ముందు గదిలో డాక్టరమ్మ పిల్లులకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, మెడకి ప్లాస్టిక్ గరాటు తగిలించి, "కుట్లు మానేదాకా ఒంటి మీద చుక్క నీళ్ళు పడకూడదు" అని చెప్పి పంపేది. చెప్పడానికేం! మందు కంపు, ఉచ్చ కంపు, గరాటు అడ్డమొచ్చి నాక్కోలేక జిడ్డుకట్టిన బొచ్చు. దాన్ని ఒళ్ళో పెట్టుకునేదెవరు? అందుకే అందరూ బుట్టలు పట్టుకుని తిన్నగా వెనక గదికి వచ్చేవాళ్ళు. నురగక్క పిల్లిని తడిపేది కాదు. దాని నీడని ఉతికేది.

ఉతకడమంటే మామూలు ఉతుకుడా! పిల్లిని బల్ల మీద నిలబెట్టి, దీపం వారగా పెట్టి, నీడ బాగా సాగాక తోక కొస దగ్గర గోరు దూర్చి లేపేది. పాల మీద మీగడ లేచినట్టు ఒక్క ముక్కగా వచ్చేసేది. గోరువెచ్చని నీళ్ళు, ఇంత సబ్బు, రెండు జాడింపులు. పిండకూడదు, పిండితే పిల్లికి నడుం పట్టేస్తుంది. ఎండలో ఆరేస్తే వెలిసిపోతుంది. నీడలో ఆరేస్తే ఏది గోడ నీడో ఏది పిల్లి నీడో తెలిసి చావదు. అందుకని ఫ్యాను కింద తీగ మీద వేసి, ఆరాక చిక్కులు దువ్వి, పాదాల దగ్గర్నుంచి ఒత్తి ఒత్తి అంటించేది. నీడ శుభ్రపడితే పిల్లి శుభ్రపడ్డట్టే, కుట్టు మాత్రం పొడిగా ఉండేది. జనం "నీడ తోక దగ్గర ఇంకా తడిగా ఉందక్కా, మా చాప పాడవుతుంది" అని సణిగేవాళ్ళు, అంతే.

"నా చేతిలో పోని మరక ఇంకా పుట్టలేదు," అని కోతలు కోసేది నురగక్క. కోతలంటే కోతలు కూడా కాదు. తారు డబ్బాలో పడ్డ గండుపిల్లిని ఒకసారి ఎంత తెల్లగా చేసిందంటే, దాని యజమాని "ఇది మాది కాదు" అని బుట్ట అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. పిల్లే వెనక పరిగెత్తి వాడి ఇల్లు వాడికి చూపించింది.

ఇంత గొప్ప చెయ్యి సాయంత్రం షట్టర్ దించాక ఏం చేసేదంటే, ఏమీ చేసేది కాదు. మేడ మీద ఒక్క గది. తలుపు తీస్తే పొద్దున తాగి పెట్టిన కప్పు పెట్టినచోటే ఉండేది. దాన్ని కదిపే దిక్కు కూడా లేదు. రేడియో పెట్టుకుని వార్తలు చదివేవాడికి జవాబులు చెప్పేది. "రేపు వాన పడొచ్చు" అని వాడంటే, "అయితే గొడుగు పట్టుకెళ్ళు నాయనా" అనేది.

ఒక మధ్యాహ్నం సందు చివర తాళంచెవులు చేసే ఆయన వచ్చాడు. వెనక గదిలోకి అడుగు పెట్టిన ప్రతివాడూ "అక్కా" అనే మొదలుపెడతాడు. ఈయన మాత్రం నోరు తెరిచి, మూసి, "ఏమండీ" అన్నాడు. బుట్టలో బూడిదరంగు ఆడపిల్లి, డొక్కలు ఎండిపోయి, గరాటు లోపల మొహం మాడ్చుకుని కూచుంది.

"ఇది మా అక్క పెంచిన పిల్లండీ. అక్క మొన్న చలికాలంలో పోయింది. ఇప్పుడు ఇంట్లో ఇదీ నేనే. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ మెతుకు ముట్టట్లేదు. రేపటికల్లా తినకపోతే నేనేం చెయ్యలేనని డాక్టరమ్మ అనేసింది."

"తన కంపు తనకే పడట్లేదండీ పాపం. నాకొదిలెయ్యండి. మీరు టీ తాగి వచ్చేసరికి పెళ్ళికూతుర్ని చేసిస్తా."

ఆయన అటు వెళ్ళగానే నురగక్క నీడ ఒలిచింది. నీళ్ళలో వేసి చూస్తే వీపు మీద ఒక ముదురు మరక. అరచెయ్యంత ఉంది. సబ్బు రాసింది, పోలేదు. బ్రష్షు పెట్టింది, పోలేదు. ఆమెకి పౌరుషం పొడుచుకొచ్చింది. "నా దగ్గరా నీ వేషాలు!" అని పళ్ళు బిగబట్టి రుద్దింది, రుద్దింది, చివరికి వదిలించి, నీళ్ళు పారబోసి, నీడని ఆరేసి దువ్వి, పిల్లికి అంటించి చెమట తుడుచుకుంది.

పిల్లి మిలమిలలాడిపోతోంది. గరాటు తిప్పుకుని తన నీడ వంక చూసుకుంది. వీపు దగ్గర వెతికింది. మళ్ళీ వెతికింది. తర్వాత గరాటుతో సహా తల బల్ల మీద పెట్టేసి కళ్ళు మూసుకుంది.

తాళాలాయన వచ్చి, బల్ల మీద పిల్లి నీడ వీపు మీద వేలు పెట్టాడు.

"ఇక్కడ మా అక్క చెయ్యి ఉండాలండీ."

"ఏ చెయ్యి?"

"రోజూ కుర్చీలో కూచుని దీన్ని నిమిరేది కదా. నిమిరీ నిమిరీ చేతి నీడ దీని నీడకి అతుక్కుపోయింది. అక్క పోయాక కూడా ఇది దాని కిందే పడుకునేది." కోప్పడలేదు ఆయన. "మీకు కనబడుతుంది కదా అనుకున్నానండీ. చెప్పాల్సింది," అని తప్పు తన మీదే వేసుకున్నాడు.

తిట్టినా బాగుండేది. నీళ్ళేమో ఎప్పుడో మురుగులో కలిసిపోయాయి. నురగక్క ఖాళీ తొట్టి వంక చూసింది. చూసి, దీపం దగ్గరికి లాగి కుడిచెయ్యి బల్ల మీద ఆనించింది.

"ఏం చేస్తున్నారండీ?"

"మాటలాపి ఆ దీపం కదలకుండా పట్టుకోండి."

మణికట్టు దగ్గర తన చేతి నీడ కింద గోరు పెట్టి లేపింది. చన్నీళ్ళలో ముంచినట్టు చెయ్యి కొంకర్లు పోయింది. ఒలిచిన నీడని పిల్లి నీడ వీపు మీద పరిచి, ఒక్కో వేలూ ఒత్తి అంటించింది.

"మీ అక్కది కాదులెండి. వేళ్ళు కాస్త పొట్టి."

"మరి మీకో?"

"నాకెందుకండీ? నేను చెయ్యి ఊపితే తిరిగి ఊపేవాళ్ళెవరున్నారు!"

నవ్వుతుందనుకుని ఆయన నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు.

పిల్లి ఒక కన్ను తెరిచింది. అటు జరిగింది, ఇటు జరిగింది. కొత్త దుప్పటి కింద సర్దుకున్నట్టు వీపు కాస్త ఎత్తింది, దించింది. ఆయన వెంట తెచ్చిన డబ్బా మూత తీసి ఉడికించిన చేపముక్క పెడితే, గరాటు డబ్బాకి కొట్టుకుంటూ తింది. తిన్నాక ఇంకోటి అడిగింది.

మర్నాడు డాక్టరమ్మ నురగక్క చేతికి నీడ లేకపోవడం చూసి, "మంచిదే, ఇక సూది గుచ్చేటప్పుడు పిల్లిని నువ్వు పట్టుకున్నా నా వెలుతురికి అడ్డం రావు" అంది, అంతే.

నురగక్కకి మాత్రం ఆ రోజు నుంచీ సాయంత్రాలు మారిపోయాయి. మంచం మీద కూచుంటే కుడి అరచెయ్యి వెచ్చబడేది. మెత్తటి బొచ్చు తగిలేది, కింద గుర్రుగుర్రుమని అదురు. పిల్లి కుర్చీ ఎక్కితే తెలిసేది, దిగితే తెలిసేది. కుట్లు విప్పించారని డాక్టరమ్మ చెబితే విన్నది. ఆయనకి ఇక వెనక గదికొచ్చే పని లేదు. రాలేదు కూడా. ఆ వీపు మీద వేళ్ళు ఆనించుకుని, గోడ మీద మణికట్టు దాకానే ఉన్న తన నీడని చూస్తూ కూచునేది.

అలా కూచున్న ఒక సాయంత్రం చేతి మీద ఇంకో బరువు పడింది.

గరుకు చెయ్యి. ఇనుము రాకీ రాకీ కాయలు కాసిన చెయ్యి. పిల్లిని నిముర్తూ పొరపాటున తగిలిందేమో, వెళ్ళిపోతుందిలే అనుకుంది. వెళ్ళలేదు. పొట్టి వేళ్ళ మీద ఒక్కోదాని మీదా ఆగింది. చిటికెనవేలి దగ్గరికొచ్చి, అక్కడే ఉండిపోయింది.

స్టవ్ మీద టీ పొంగుతోంది. లేవాలి. కుడిచెయ్యి మంచం మీద అలాగే ఉంచి, ఎడమ చేత్తో స్టవ్ అందుకోబోయింది. అందలేదు. పొంగితే పొంగనీ అని కదలకుండా కూచుంది.