వెనక అద్దం మీద స్టిక్కర్

క్లీవ్‌లాండ్ శివార్లలోని ఒక హైస్కూల్లో పిల్లలకు కాలేజీ సలహాలు చెప్పడం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా ప్రతి అక్టోబరులోనూ తల్లిదండ్రులను లైబ్రరీలో కూర్చోబెట్టి ఒక పచ్చ కాగితం పంచుతాను. ‘పేరు లేకపోయినా పనికొచ్చే కాలేజీలు’ అని పైన ఉంటుంది. పద్నాలుగు పేర్లు. ప్రతి చోటికీ నేనే కారు వేసుకుని వెళ్లి, క్లాసుల్లో వెనక బెంచీ మీద కూర్చుని, చల్లారిన మాకరోనీ తిని రాసిన కాగితం అది. అందులో ఒక్క అబద్ధం లేదు.

నాలుగో పేరు వెండెల్ క్రీక్ కాలేజీ. ఇండియానాలో, మొక్కజొన్న చేల మధ్య ఉంటుంది. మొత్తం తొమ్మిది వందల మంది విద్యార్థులు. మొదటి ఏడాదే పిల్లల్ని వాగులోకి దింపి నీళ్లు పరీక్ష చేయిస్తారు. పెద్ద పెద్ద చోట్ల ఆ పరీక్షల పరికరాలు ముట్టుకోవాలంటే మూడేళ్లు ఆగాలి.

ఆ ఏడు నా ఉపన్యాసం మధ్యలో డెల్ఫీన్ పెట్‌వే లేచి నిలబడింది. మా స్కూలు వంటగదిలో పనిచేస్తుంది. కొడుకు ఐజయా చివరి ఏడాదిలో ఉన్నాడు.

“కోవాక్ గారూ, ఏమీ అనుకోకండి. మావాడి మార్కులకి పెద్ద యూనివర్సిటీకే పెట్టమంటున్నారు అందరూ. మీరేమో మ్యాపులో వెతుక్కోవాల్సిన ఊరు చెప్తున్నారు. మీ అమ్మాయిదీ ఈ ఏడాదే కదా! మీ అమ్మాయినైతే పంపిస్తారా అక్కడికి?”

“కళ్లు మూసుకుని పంపిస్తాను” అన్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు. మూడో వరసలో కూర్చున్న మా థియా కూడా కొట్టింది.

థియా నా మాట నమ్మింది. వెండెల్ క్రీక్ చూసొచ్చింది, ఆ వాగు మీద మనసు పారేసుకుంది. మార్చిలో అక్కడ సీటొచ్చింది. అందరి నోళ్లలోనూ నానే ఆ పెద్ద యూనివర్సిటీ మాత్రం వెయిటింగ్ లిస్టులో పెట్టింది. థియా నోట్లో రొట్టెముక్క నములుతూనే ‘నాకు అక్కర్లేదు’ అని వాళ్లకు జవాబు కొట్టేసింది.

“నీ నాలుగో నంబరే నా ఒకటో నంబరు నాన్నా” అని నవ్వి, కారుకు అంటించమని కాలేజీ స్టిక్కర్ చేతిలో పెట్టింది.

మా వైపు పిల్ల ఏ కాలేజీకి వెళ్తుంటే ఆ స్టిక్కర్ కారు వెనక అద్దం మీద ఉండాల్సిందే. ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడల్లా ముందు కారు అద్దం చదువుతాం, మనసులోనే మార్కులు వేస్తాం. “అద్దమంతా మంచు కరగడానికి రోడ్డు మీద చల్లిన ఉప్పు పట్టింది, కడిగి అంటిస్తాలే” అని స్టిక్కర్‌ను డాష్‌బోర్డు అరలో పడేశాను. మంచు కరిగింది, వానలు పడ్డాయి, ఉప్పు దానంతటదే పోయింది. నేను మాత్రం అర తెరవలేదు.

ఒక శుక్రవారం చర్చి హాల్లో వేయించిన చేపల విందు. నాతో చదువుకున్న పళ్ల డాక్టరు రస్ బ్రాండ్ల్ అక్కడ ఎదురయ్యాడు. కొడుక్కి గొప్ప చోట సీటొచ్చిందని వాడి కారు అద్దమే ఊరంతా చెబుతోంది.

“మీ అమ్మాయి ఎక్కడికోయ్? ఊరందరికీ చెప్పేవాడివి, సొంత పిల్లని ఊరికే వదలవుగా!”

నేను ఆ పెద్ద యూనివర్సిటీ పేరు చెప్పి, “వాళ్ల పిలుపు కోసం చూస్తున్నాం” అన్నాను.

రస్ కనుబొమలు పైకి లేచాయి. అవి చూసి నాకెంత హాయిగా అనిపించిందో చెప్పుకోవడానికి ఇవాళ్టికీ సిగ్గేస్తుంది.

సోమవారం పొద్దున ఆఫీసులో తలుపు వేసుకుని, స్కూలు పేరున్న కాగితం మీద ఆ యూనివర్సిటీకి ఉత్తరం రాశాను. మా విద్యార్థిని పొరపాటున వద్దందనీ, సీటిస్తే తప్పక చేరుతుందనీ రాసి, కింద కౌన్సెలర్‌గా సంతకం పెట్టాను. ఎందరో తల్లులు కాళ్లావేళ్లా పడ్డా ఏ పిల్లకీ ఇలాంటి ఉత్తరం రాయనివాణ్ని.

కాలేజీ ఖాయం చేసుకోవడానికి గడువు మే ఒకటి; దానికి వారం ముందు, భోజనాల దగ్గర థియాకు ఆ యూనివర్సిటీ నుంచి ఫోనొచ్చింది. చేతిలో ఫోర్కు ఉందని స్పీకర్ పెట్టింది.

“అభినందనలు! మీకు సీటు ఖాయం చేశాం. మీరు తప్పకుండా వస్తారని మీ కౌన్సెలర్ కోవాక్ గారు రాశారు.”

థియా నా వైపు చూసింది. తర్వాత ఫోనులోకి మర్యాదగా చెప్పింది: “థాంక్సండీ. పొరపాటు జరిగింది. ఆ సీటు ఇంకెవరికైనా ఇవ్వండి.”

ఫోను పెట్టేసింది. 

“ఆ పచ్చ కాగితం ఊళ్లో పిల్లల కోసమా నాన్నా? మనింటికి వర్తించదా?”

“నీ మంచికే అనుకున్నానమ్మా...”

“నా మంచికా, బ్రాండ్ల్ డాక్టరు ముందు నీ గొప్పకా? ఆ యూనివర్సిటీ నుంచి పిలుపొచ్చిందా అని వాళ్లబ్బాయి మొన్న నన్నడిగాడు. ఎందుకో ఇప్పుడర్థమైంది.” కాసేపు బఠాణీలు కెలికింది. “ఐజయా వెండెల్ క్రీక్‌లోనే చేరుతున్నాడు. వాళ్లమ్మ ఎందుకొప్పుకుందో తెలుసా నీకు?”

తెలుసు. లైబ్రరీలో నేనన్న ఆ మాట నమ్మే.

మే ఒకటిన చివరి ఏడాది పిల్లలంతా తాము చేరబోయే కాలేజీ చొక్కాలు వేసుకుని స్కూలుకొస్తారు. ఆ పొద్దున్నే లేచి వేడినీళ్లతో వెనక అద్దం కడిగి, పేపరుతో తుడిచాను. అర తెరిస్తే స్టిక్కర్ లేదు. సీట్ల కింద కూడా వెతికాను. థియా వెండెల్ క్రీక్ ఆకుపచ్చ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

“స్టిక్కర్ ఏదమ్మా?”

“ఇచ్చేశాను. అంటించుకునేవాళ్లకి.”

థియాతో స్కూలుకెళ్లి కారు ఆపేసరికి, డెల్ఫీన్ తన పాత కారు వెనక వంగి, అద్దం మీది ఆకుపచ్చ స్టిక్కర్ కింద చేరిన గాలిబుడగల్ని గరిటె కాడతో నొక్కుతోంది. పక్కన ఐజయా. వాడిదీ ఆకుపచ్చ చొక్కానే.

“కోవాక్ గారూ! మీ అమ్మాయి తెచ్చిచ్చింది. మీ దగ్గర రెండున్నాయట కదా! మా చర్చిలో అదెక్కడి కాలేజీ అని ఒకటే వేళాకోళం. చెప్పిన మనిషి సొంత కూతుర్నే పంపిస్తున్నాడు, ఇంకేం కావాలి అని నోళ్లు మూయించాను.” తల పక్కకు వంచి నా కారు వైపు చూసింది. “మీరింకా అంటించలేదేం? మర్చిపోయారా?”

మర్చిపోయానంటే సరిపోయేది. థియా నా మొహంలోకే చూస్తోంది.

“మర్చిపోలేదండీ. నలుగురూ ఏమనుకుంటారోనని సిగ్గుపడి అంటించలేదు. థియాని వేరే చోటికి పంపాలని చాటున ఉత్తరం కూడా రాశాను.”

గరిటె ఆగిపోయింది. డెల్ఫీన్ కొడుకు చొక్కా వైపు చూసి, గొంతు తగ్గించి అడిగింది: “నిజం చెప్పండి. ఆ కాలేజీలో ఏదైనా లోపముందా?”

“కాలేజీలో ఏమీ లేదండీ. ఉన్నదంతా నాలోనే.”

ఆవిడ స్టిక్కర్ మీద మిగిలిన చివరి బుడగను నొక్కి, గరిటెను ఆప్రాన్ జేబులో పెట్టుకుంది.

“అయితే మీ సిగ్గు మీ దగ్గరే ఉంచుకోండి కోవాక్ గారూ. మావాడికి మాత్రం అంటించకండి.”

వాళ్లు ముగ్గురూ కలిసి లోపలికి నడిచారు. థియా వెనక్కి తిరిగి చూడలేదు. కడిగిన అద్దంలో నా మొహం స్పష్టంగా కనిపిస్తుంటే, కారు పక్కనే నిలబడిపోయాను.