లేత్ కిటికీ అద్దం

జగదల్‌పూర్ శివారులో చెన్నకేశవులు వర్క్‌షాపుకు గనుల నుంచి ముడిరాయిని నలిపి అరిగిపోయిన క్రషర్ రోలర్లు వచ్చేవి. వాటి మీద కొత్తగా పోసిన లోహం ఎంత గట్టిదంటే, లోహాన్ని తిప్పుతూ చెక్కే మామూలు లేత్ మీద పూటకు నాలుగు కోత బిట్లు విరిగేవి. అందుకని ఆయన లేజర్ బిగించిన లేత్ కొన్నాడు. కంటికి కనపడని ఆ కిరణం బిట్ కంటే ముందు నడుస్తూ లోహాన్ని ఎర్రగా కాల్చేది. మెత్తబడిన చోట బిట్ సులువుగా కోసుకుంటూ పోయేది.

దాన్ని నడిపేది పొజ్జే. ఆవపల్లి పిల్ల, ఐటీఐ చదివింది. యంత్రం చుట్టూ ఇనప డబ్బా, దానికో చిన్న కిటికీ. కాలే చోటు రంగును అందులోంచి చూస్తూ వేగం సరిచేయడమే ఆమె పని.

వానాకాలంలో ఇనప ముక్క ఎగిరి తగిలి కిటికీ అద్దం పగిలింది. కంపెనీ అద్దానికి రెండు నెలలు పడుతుందన్నారు. చెన్నకేశవులు అది తెప్పించకుండా బజారులో పచ్చ అద్దం కోయించి తెచ్చి బిగించాడు.

"ఇది ఆగుతదా సేట్?" అని అడిగింది పొజ్జే.

"అదీ పచ్చదే, ఇదీ పచ్చదే. ఇంకేంది?"

దసరా నాటికి ఆమె కుడికంటి చూపు నడుమ నల్లటి మచ్చ నిలిచింది. నొప్పి లేదు. కంటి లోపలి పొర కాలిందని, మామూలు అద్దం ఆ కిరణాన్ని ఆపదని, పోయిన చూపు ఇక రాదని డాక్టరు చెప్పాడు.

ఆ మాట ఆమె సేట్‌కు ఒక్కడికే చెప్పింది. ఆయన వెంటనే అందరినీ పిలిచి, ఆమె చేతికి మందం కొలిచే మైక్రోమీటర్ ఇచ్చి, ఎడమ కన్నును తన అరచేత్తో మూశాడు.

"సదువు."

పొజ్జే చదవలేకపోయింది. ఎవరో నవ్వారు.

"గుడ్డిదాంతోని మెషిన్ నడిపించాల్నా?" అన్నాడాయన.

మర్నాడు ఒక కాగితం పుట్టింది. యంత్రం నడుస్తుండగా పొజ్జే డబ్బా తలుపు తెరిచి చూసిందట, అందుకే కన్ను పోయిందట, పనిలోంచి తీసేస్తున్నారట. సాక్షి సంతకం దీపది. స్టోర్ చూసుకునే దీప, పొజ్జే మూడేళ్లుగా ఒకే గదిలో వండుకు తింటున్నారు.

"నువ్వు చూసినవా?" అని గదిలో అడిగింది పొజ్జే.

"లేదక్కా. సంతకం పెడితే లేత్ నాకిస్తనన్నడు." దీప కళ్లు దించుకుంది. అలాగే, "రంగు ఎట్ల చూడాల్నో చెప్తవా?" అంది.

సంచీ సర్దుకుంటూనే పొజ్జే అన్నీ చెప్పింది. ఏ రంగుకు వేగం పెంచాలో, ఎక్కడ ఆపాలో. "దూరం నుంచి తెలవదు. కిటికీకి మొకం ఆనిచ్చి చూడు."

"తలుపు తెరవకుంటే ఏం కాదు గదా?"

"ఏం కాదు."

ఊరికి పోయే బస్సులో, దీపకు చేద్దామని ఫోన్ చేతిలోకి తీసుకుంది. బీజాపూర్ దాటేదాకా పట్టుకునే కూర్చుని, మళ్లీ సంచీలో పెట్టేసింది.

ఎండాకాలంలో దీప ఆవపల్లి వచ్చింది. పొజ్జే వాకిట్లో ఇప్పపూలు ఆరబోస్తోంది. దీప వాటిని తొక్కుకుంటూ నడిచి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"రెండు కండ్లకూ మచ్చ వచ్చిందక్కా. అద్దం సంగతి నీకు ఎరికేనా?"

"ఎరికే."

దీప ఏడవలేదు, తిట్టలేదు. ఈ మాట వింటే కడుపు చల్లబడుతుందని పొజ్జే ఆర్నెల్లుగా అనుకుంటూ ఉంది. చల్లబడలేదు. లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె చేతికి అందించింది.

"ఇప్పుడు లేత్ ఎవరు నడుపుతున్నరు?"

"హిడ్మే అని కొత్త పిల్ల. నిన్నటి సంది."

"ఆమెకు చెప్పినవా?"

"రంగు ఎట్ల చూడాల్నో చెప్పిన," అని దీప చెంబు ఎత్తి నీళ్లు తాగింది.